పెదవుల మధ్య గుండుసూదులు

టేపక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరూ పలకరు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు కాబట్టి పిల్లలు పెట్టిన పేరే పెద్దవాళ్ళకూ అలవాటైపోయింది. మేడమెట్ల కింద ఉన్న చిన్న గది ఆమె కుట్టు దుకాణం. లోపల ఒక మిషను, ఇస్త్రీ బల్ల, గోడవారగా వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ. ఆ బెంచీ ఎప్పుడో గానీ ఖాళీగా ఉండదు.

మొండిఘటం ఆమె. చెడిన వస్తువును పారేయడమంటే ఒళ్ళు మంట. కుళాయి కారుతుంటే ముందు నీళ్ళ వాల్వు కట్టేసి, లోపలి వాషరు తానే మార్చేస్తుంది. జిప్పు ఇరుక్కుంటే దాని పళ్ళకు కొవ్వొత్తి రుద్దుతుంది. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో, దారం ఎక్కడ తెగుతోందో చూడగానే పట్టేసే ఆ మనిషికి, తన నోటి సంగతి మాత్రం ఎన్నడూ పట్టలేదు.

కొలతలు పైకి చెప్పడం కాపురానికి వచ్చిన కొత్తలో మొదలైంది. ఆమె టేపు పట్టి అంకె చెబితే, గది అవతలి మూల భర్త అట్టముక్క మీద రాసుకునేవాడు. ఆయనకు వినికిడి అంతంతమాత్రం. అందుకని ఆవిడ గొంతు చించుకోవాల్సి వచ్చేది. చూపు మందగించి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక కొలతలన్నీ ఫోనులోకి చేరాయి. కుట్టినవి తొడిగి చూసుకున్న ఆడవాళ్ళ ఫొటోలు కూడా అందులోనే. ఫోనుకు చెవుడు లేకపోయినా అరుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఏళ్ళుగా ఆమె చేతికి కొలత ఇవ్వని మనిషి ఒక్కతే, భర్తకు అక్క. కాస్త భారీ మనిషి. ఎప్పుడు వచ్చినా సంచిలోంచి కొలతకు ఆదిగా ఒక పాత జాకెట్టు తీసి బల్ల మీద పెట్టేది. ఆ ఆది ఏనాడో బిగుతైపోయింది. దాన్ని చూసి కుట్టిన ప్రతిదీ చంకల్లో పట్టేసేది. వదినకు తన చేతి మీద నమ్మకం లేదని టేపక్క లోలోపల నొచ్చుకునేది.

ఒక ఉదయం కొలతలు దాచుకున్న ఖాతా తెరుచుకోలేదు. పాస్‌వర్డు తప్పంది ఫోను. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్ళీ కొట్టింది. తప్పే. ఎవరో మార్చేశారు. తనను నమ్మి తన ఎదుట నిలబడ్డ ఆడవాళ్ళ ఫొటోలు ఎవడి కంట పడ్డాయోనని టేపక్క వెంటనే కూతురికి కబురు పెట్టింది.

కూతురు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది. కబురు అందగానే సెలవు పెట్టి వచ్చింది. అప్పటికీ తల్లి అవే అక్షరాలు పైకి చదువుకుంటూ కొడుతూనే ఉంది. ఖాతా తెరిచిన రోజునే కూతురు పట్టుబట్టి తన నంబరు కూడా అందులో ఇప్పించి ఉండటం వల్ల, దాని ద్వారా మధ్యాహ్నానికల్లా ఖాతా చేతికొచ్చింది. ఫొటోలు ఎవరైనా తీసుకున్నారో లేదో మాత్రం తేల్చి చెప్పలేనంది. పాస్‌వర్డు ఎవరికి చెప్పావని అడిగింది.

"నేనెవరికి చెబుతానే?"

"మరి ఇందాక గుమ్మంలో ఉండగానే నాకెలా వినిపించిందమ్మా?"

టేపక్క బెంచీ వైపు చూసింది. అక్కడ ఎందరు కూర్చున్నారో, ఎందరు విన్నారో.

కూతురు ఓపిగ్గా చెప్పింది. దుకాణం పేరూ పుట్టిన ఏడూ పనికిరావు, ఒకదానికొకటి పొంతన లేని మాటలు నాలుగు కలిపి పొడుగ్గా పెట్టుకోవాలి, దాన్ని ఇంకెక్కడా వాడకూడదు. దాని మీద రెండో తాళంగా ఫోనుకు వచ్చే అంకెలు కన్నబిడ్డ అడిగినా చెప్పకూడదు. టేపక్క అన్నీ బుర్రకెక్కించుకుంది. తీరా కొత్తది కొట్టబోతే పెదవులు వాటంతటవే కదిలాయి. తన మీద తనకే కోపం వచ్చింది. సూదులు గుచ్చే చిన్న దిండులోంచి గుండుసూదులు లాగి పెదవుల మధ్య బిగించింది. ఇక నోరు మెదిపితే గుచ్చుకుంటుంది. వేళ్ళు మాత్రమే కదిలాయి.

మర్నాడు దుకాణం తెరవలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందని భర్త అన్నాడు. నాకు తెలుసు కదా అని చెప్పులు తొడుక్కుంది. ఫొటోల్లో ఉన్న ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు ఓదార్చారు. ఒకావిడ నానా మాటలూ అని, సగం కుట్టిన బట్ట తిరిగి ఇచ్చేయమంది. తలవంచుకుని విని, తర్వాతి ఇంటికి నడిచింది. చివరికి ఆడపడుచు ఇంటికి చేరి, మీ ఫొటో లేదు వదినా, మీకేం భయం లేదని చెప్పింది.

వదిన ఆమెను కూర్చోబెట్టింది.

"దొంగకు దక్కిందేముందమ్మా, కొలతలన్నీ నువ్వే ఆ బెంచీకి వినిపిస్తూ వచ్చావు. నీ పెళ్ళయిన కొత్తలో నా నడుము కొలత అరిచి చెప్పావు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజు నుంచే ఈ ఆది జాకెట్టు."

టేపక్కకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ వదినను తప్పుబడుతూ వచ్చింది. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఏడ్చింది. ఏడుస్తూనే నిశ్చయించుకుంది, ఇక తన నోట ఎవరి కొలతా రాదు.

తేలికేం కాలేదు. మొదట్లో నోట సూదులతో టేపు పట్టగానే గొంతు లేచేది, సూది గుచ్చుకునేది. పెదవి మీద గాటు పడినా సూదులు తీయలేదు. బెంచీకి అడ్డంగా ఒక తెర కుట్టి కట్టింది. బెంచీ మీదివాళ్ళకు వినోదం పోయినట్టే ఉంది గానీ ఎవరూ పైకి అనలేదు.

కొన్నాళ్ళకు వదిన ఎప్పటిలాగే సంచితో వచ్చింది. బెంచీ నిండుగా ఉంది.

"ఇవాళ ఒక్కసారి నిలబడండి వదినా."

వదిన బెంచీని చూసింది, తెరను చూసింది, లోపలికి నడిచింది. టేపక్క సూదులు పెదవుల మధ్య పెట్టుకుని టేపు చుట్టింది. మిషను ఆగి ఉండటంతో గదంతా నిశ్శబ్దంగా ఉంది. బయటివాళ్ళకు గాజుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కొలతలన్నీ ఫోనులో ఎక్కించాక దాన్ని వదిన కళ్ళకు మాత్రమే కనబడేలా తిప్పి పట్టుకుంది. వదిన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చదివింది. తర్వాత సంచిలోంచి ఆ పాత జాకెట్టు తీసి మిషను మీద పెట్టింది.

"దీంతో నూనె మరకలు తుడుచుకో," అంది.