రైలు పోయేదాకా ఆగిన ప్రార్థన

"మీ ప్రార్థన మనవి ఏమిటో చెప్పండి, అందరం కలిసి దేవుడి దగ్గర పెడదాం" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు అక్కడినుంచి లేచి పోవాలనిపిస్తుంది. దేవుడి మీద నాకు కోపం లేదు. ప్రార్థన మీదా లేదు. పొద్దున పొయ్యి ముట్టించే ముందు ఆయనతో రెండు మాటలు చెప్పుకోకపోతే ఆ రోజు నాకు అన్నం సహించదు. నా రోతంతా పదిమంది చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, పక్కింటి సంగతి దేవుడికి విన్నవించే ఆ అలవాటు మీద. దేవుడికి తెలియని సంగతా అది? తెలియనిది చాప మీద ఉన్నవాళ్ళకే.

మేము ఉప్పుగూడలో రైలు పట్టాల పక్కన ఉండేవాళ్ళం. బాపు పట్టాల మీద గ్యాంగు పనికి పోయేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు, నేను ఓణీ వేసుకోవడం కొత్తగా నేర్చుకున్న వయసు. మా వాడలో క్రైస్తవుల ఇళ్ళు కొన్నే ఉండేవి. ప్రతి బుధవారం పొద్దుగూకే వేళ ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. ముందు పాట, తర్వాత వాక్యం, తర్వాత ఎవరి మనవులు వాళ్ళు చెప్పుకోవడం, ఆ తర్వాత వరుసగా ఒక్కొక్కరూ ప్రార్థన చేయడం. చివరికి చాయ్, ఉడకబెట్టిన శనగ గుడాలు. ఆకలితో వచ్చిన పిల్లలకు గుడాల కోసం ఆమేన్ ఎప్పుడొస్తుందా అని ఉండేది. పెద్దవాళ్ళకు దేనికోసం ఉండేదో నాకు తర్వాత తెలిసింది.

అందరికంటే చివర ప్రార్థన చేసే హక్కు బైబిలమ్మది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. మిషను వాళ్ళు ఇచ్చిన ఉద్యోగం. తెల్లచీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి. విధవరాలు, కష్టపడి కొడుకుని చదివించుకున్న మనిషి. ఆమెకు నస్యం పీల్చే అలవాటు ఉండేది. ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒక పట్టు పీల్చి, ముక్కు చీరకొంగుకు తుడుచుకుని, అదే చేత్తో నా తల నిమిరేది. ఇంటికొచ్చాక నేను తల కడుక్కునేదాన్ని. దైవసేవకురాలి చెయ్యి అంటూ అమ్మ నన్ను తిట్టేది.

ఆమె గల్లీలో మనలాగే మాట్లాడేది. కళ్ళు మూసుకుందా, పుస్తకంలో భాష వచ్చేది. "నీ దాసురాలు", "నీవెరుగుదువు" అంటూ సాగదీసేది. మా ఇంటి వెనక రైలు పోతుంటే గోడలు అదిరేవి. అప్పుడు మిగతావాళ్ళు ప్రార్థన ఆపేవాళ్ళు. బైబిలమ్మ మాత్రం ఆపేది కాదు, గొంతు పెంచి రైలు మీద గెలిచేది. దేవుడి పని ముందు రైలెంత అనేది.

నేను కళ్ళు తెరిచి ఉండేదాన్ని. అమ్మ తొడపాశం పెట్టినా మానలేదు. అలా చూసి చూసి ఒకటి పట్టుకున్నాను. వానల కోసం ప్రార్థన చేస్తుంటే ఎవరూ కళ్ళు తెరవరు. ఎవరి బిడ్డకో జ్వరం తగ్గాలని అడుగుతుంటే తెరవరు, ఒకరిద్దరు కునుకు కూడా తీస్తారు. కానీ "ప్రభువా, ఫలానా ఇంటిలో జరుగుచున్నది నీవు చూచుచున్నావు" అనే మాట వినబడిందా, చాప మీద ప్రతి మనిషికీ ఒక కన్ను తెరుచుకుంటుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా కూటంలో పిల్లులు ఒక కన్ను తెరిచి తాగేవి.

ఇక మా అక్క సంగతి. మేం ఆదివారం పోయే చర్చి పక్కన మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది అక్క. పెళ్ళయిన ఏడాదికే బావ మిల్లు పని దొరికిందని బొంబాయి పోయాడు. గది దొరికాక పిలిపిస్తానన్నాడు. గది దొరికింది, అందులో ఇంకో ఆమె వచ్చి చేరింది. అక్కడినుంచి వచ్చిన మనిషి ఒకతను ఈ మాట బాపు చెవిన వేశాడు. బాపు ఇంటికి వచ్చి తలుపు వేసి మాకు చెప్పి, ఇది గడప దాటొద్దన్నాడు. ఎందుకంటే బడి చూసుకునే మిషను తెల్ల దొరసానికి టీచర్ల కాపురాలు శుభ్రంగా ఉండాలి. మొగుడితో గొడవ పడిందని అంతకుముందు ఒకామెను తీసేసింది. ఈ మాట బయటపడితే అక్క బడి పోతుంది. అక్కకు అప్పుడు మిగిలింది ఆ బడే. పొద్దున లేచి తల దువ్వుకోవడానికి ఆ పిల్లలే కారణం.

అక్క కొన్నాళ్ళు ఒక్కతే ప్రార్థన చేసుకుంది. బావ మనసు తిరగాలని కాబోలు. ఫలితం కనబడలేదు. ఒక్కరు అడిగిన దానికన్నా ఇద్దరు ఒక్క మనసుతో అడిగింది దేవుడు తొందరగా వింటాడని మా వాళ్ళలో గట్టి నమ్మకం. ఇప్పటికీ ఉంది. అందుకని మావాళ్ళు చేసే తప్పు ఒకటే. ఆ రెండో మనిషిని వెతుక్కుంటారు. అమ్మను తోడు అడిగితే ఆమె ఏడుపుతోనే సరిపెట్టేది. అక్క పోయి పోయి బైబిలమ్మకు చెప్పుకుంది. బైబిలమ్మ అక్క రెండు చేతులూ పట్టుకుని, "నీ మాట నా కడుపుల పెట్టుకుంట బిడ్డా. నాకు, దేవునికే ఎరుక" అందట. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని మా వాడలో కుక్కలకు కూడా తెలుసు. అక్కకు మాత్రం అంత కష్టంలో అది గుర్తుకు రాలేదు.

ఆ బుధవారం కూటం మా ఇంట్లోనే. అందరి వరుసా అయింది. బైబిలమ్మ నస్యం పీల్చి మొదలుపెట్టింది. వానలు, జబ్బులు, నిజాం సర్కారు క్షేమం అన్నీ అయ్యాక గొంతు తగ్గించింది. "ప్రభువా, ఈ గృహములో ఒక దాసురాలు కన్నీరు విడుచుచున్నది" అంది. ఒక్కొక్క కన్నే తెరుచుకోవడం నాకు కనిపించింది. సరిగ్గా అప్పుడే రైలు వచ్చింది.

బైబిలమ్మ ఆగింది.

రైలుకు ఎన్నడూ ఆగని మనిషి ఆగింది. కళ్ళు మూసుకునే ఉంది, పెదవులు బిగించింది, చివరి డబ్బా దాటి చప్పుడు పోయేదాకా కూర్చుంది. ఇల్లు నిశ్శబ్దమయ్యాక, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "ఆమె పెనిమిటి ఆమెను విడిచి, బొంబాయిలో వేరొక స్త్రీతో కాపురము చేయుచున్న సంగతి నీవెరుగుదువు." రైలు చప్పుడులో దేవుడికి వినబడదా? దేవుడికి చెప్పేదైతే ఆగాల్సిన పనేముంది? అందరి కళ్ళూ అక్క మీద ఉన్నాయి. అక్క ఒక్కతే కళ్ళు మూసుకుని ఉంది. ఆ మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారి చాప మీద పడుతున్నాయి. అందరూ ఆమేన్ అన్నారు, ఎన్నడూ లేనంత గట్టిగా.

తర్వాత గుడాలు తిన్నారు. అక్క వీపు నిమిరి నిమిరి తిన్నారు. ఆ వేళ్ళు, ఆ గుడాలు అంటిన వేళ్ళు, నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

రెండు మూడు రోజుల్లో మాట దొరసాని దాకా పోయింది. దొరసాని అక్కను కూర్చోబెట్టి, చాలా మెత్తగా, నీ భర్త వచ్చేవరకు విశ్రాంతి తీసుకో అమ్మా అని చెప్పిందట. విశ్రాంతి! మరుసటి వారం ఆ కుర్చీలో వేరే ఆమె కూర్చుంది. అక్క ఇంటికి వచ్చి వేళ్ళకు అంటిన సుద్ద కూడా కడుక్కోకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ ఉండబట్టలేక బైబిలమ్మ ఇంటికి పోయి నిలదీసింది. నేనూ వెంట ఉన్నాను. బైబిలమ్మ గొడుగు మడుస్తూ, ఏ మాత్రం తడుముకోకుండా జవాబు చెప్పింది.

"నేనెవలకు చెప్పిన? దేవునికే చెప్పిన గదా."

నాకు ఆమె గొడుగు లాక్కుని విరగ్గొట్టాలనిపించింది.

మా గోడకు అవతలి ఇంట్లో ఒక తురక ముసలామె ఉండేది. ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. మధ్యగోడ మట్టిది, అక్క రాత్రిళ్ళు ఏడ్చిన ఏడుపు ఆమెకు కొన్ని నెలలుగా వినబడుతూనే ఉందట. ఒక్కనాడు ఎందుకని అడగలేదు, ఒక్కరికి చెప్పలేదు. బడి పోయాక మాత్రం అక్కను పిలిచి, గుడ్డ బిగించిన కట్టెచట్రం ముందు కూర్చోబెట్టి జరీ పని నేర్పింది. నయాపూల్ దగ్గర ఒక దుకాణందారు గుడ్డ, జరీ ఇచ్చేవాడు. అక్క ఆ పనిలో పడింది. ఖాలా నమాజు తర్వాత చేతులు చాచి దేవుడిని ఏదో అడిగేది. పెదవులు కదిలేవి, మాట వినబడేది కాదు. అది చూసి నాకు కన్ను కుట్టేది.

ఇంత జరిగినా బుధవారం కూటానికి మేం పోతూనే ఉన్నాం. నేను రానని మొరాయిస్తే అమ్మ, "మనం పోకుంటె మన మీదనే ప్రార్థన చేస్తరే" అంది. ఆ మాటకు అక్క నవ్వింది. బావ సంగతి తెలిశాక అక్క నవ్వడం అదే మొదలు.

యుద్ధం వచ్చింది, బియ్యానికి రేషను వచ్చింది. అక్క జరీ పనిలో చెయ్యి తిరిగిన మనిషి అయింది, పక్కన కూర్చుని నేను దారాలు అందించేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం బైబిలమ్మ వచ్చింది. గొడుగు లేదు, సంచి లేదు. నన్ను బయటికి పంపమంది. చెల్లె ఈడనే ఉంటది, చెప్పు అంది అక్క. బైబిలమ్మ గుసగుసగా చెప్పుకొచ్చింది. పాస్టరు అయ్యే చదువుకు తను పంపిన కొడుకు అది మధ్యలో వదిలేసి ఊళ్ళోకి వచ్చేశాడట. బహదూర్‌పురా వైపు కల్లు అమ్మే సేంది కాంపౌండులో పొద్దున కూర్చుంటే లేవడం లేదట. మిషను వాళ్ళకు తెలిస్తే, కన్న కొడుకుని దిద్దుకోలేనిది ఊరికేం వాక్యం చెబుతుందని తన ఉద్యోగం తీసేస్తారు. ఇద్దరం కలిసి అడుగుదాం బిడ్డా అంది.

"ఇంతమంది ఉండంగ నాకెందుకు చెప్తున్నవ్ అమ్మా?" అంది అక్క.

"నువ్వైతె ఎవలకు చెప్పవు. వేరేటోళ్ళకు చెప్తె రేపటికల్ల వాడంత తెలుస్తది."

తనలాంటి నోళ్ళు ఎలాంటివో ఆమెకు అంత బాగా తెలుసన్నమాట! అంత తెలిసీ చేసిందన్నమాట! ఆమె వెళ్ళాక, దాచిపెట్టేదేముంది, నాకు పట్టరాని సంతోషమైంది. వచ్చే బుధవారం కూటం మా ఇంట్లోనే, అక్క వరుస రాక తప్పదు. రైలు వస్తే అది పోయేదాకా ఆగి మరీ చెప్పమన్నాను. అక్క సూదిలో జరీ ఎక్కించుకుంది.

ఆ బుధవారం చాప చాలలేదు. సేంది కాంపౌండు వాసన ఎవరి ముక్కుకో తగిలినట్టుంది, నిజం తెలియదు గానీ ఏదో ఉందని అందరికీ తెలుసు. బైబిలమ్మ మూలకు నక్కి కూర్చుంది. అక్క వరుస వచ్చింది. అక్కకు పుస్తకం భాష రాదు, మామూలు మాటలే.

"తండ్రీ, బావిల నీళ్ళు అడుగు వట్టినయి, జర చూడు. ఖాలకు మోకాళ్ళ నొప్పులు తగ్గియ్యి. నన్ను ప్రార్థన చెయ్యమని అడిగినోళ్ళు ఉన్నరు. వాళ్ళెవలో నీకెరుక, ఏమడిగిన్రో నీకెరుక. నేను చెప్పేదేం లేదు. ఆమేన్."

నేను కళ్ళు తెరిచే ఉన్నాను. అన్ని కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. బైబిలమ్మవి మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి, చెంపలు అదురుతున్నాయి. చాయ్ తాగుతూ ఒక పెద్దామె, గదేం ప్రార్థన, ఉప్పులేని పప్పు తీరు అంది. నాకు మొదట అక్క మీదే కోపం వచ్చింది. తర్వాత ఆ మొహాలు చూశాను. పెళ్ళికొచ్చి భోజనం దొరకనివాళ్ళ మొహాల్లా ఉన్నాయి. కోపం అటు తిరిగింది.

ఇంతటితో బైబిలమ్మ మారిందని రాస్తే వినడానికి బాగుంటుంది. మారలేదు. తన గుట్టు తెలిసిన మనిషి మాటకు ముందుగానే విలువ లేకుండా చేయాలనుకుంది కాబోలు. మరుసటి బుధవారం పట్టాలకు అవతల ఇంకొకరి ఇంట్లో కూటం. చివరి ప్రార్థన ఆమెదే. వానలు అయ్యాయి, జబ్బులు అయ్యాయి, యుద్ధం అయింది. గొంతు తగ్గింది. "ప్రభువా, మా మధ్య ఒక సహోదరి ఉన్నది. పెనిమిటి విడిచిన నాటినుండి ఆమె హృదయము కఠినపడి, ఆమె నోట ప్రార్థన ఎండిపోయినది. ఆమె రహస్యముగా..."

రైలు వచ్చింది. బైబిలమ్మ ఆగింది.

గోడలు అదురుతున్నాయి. చాప మీద ఉన్నవాళ్ళంతా ఒంటికన్నుతో మా అక్కను చూస్తున్నారు. నేనూ చూశాను. అక్క కళ్ళు మూసుకోలేదు. ప్రార్థనలో అక్క కళ్ళు తెరవడం నేను అంతకుముందు చూడలేదు. నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సూటిగా బైబిలమ్మనే చూస్తోంది. కోపంగా కాదు, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు చూస్తోంది. తన మాటకు ఎవరు ఏమనుకుంటున్నారో చూడటానికి బైబిలమ్మ కూడా ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను అక్క కళ్ళలో పడింది.

రైలు పోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. అందరూ వినడానికి ముందుకు వంగారు. బైబిలమ్మ నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. చివరికి ఆమేన్ అని గొణిగింది. వెనక నుంచి ఒకరిద్దరు తప్ప ఎవరూ ఆమేన్ అనలేదు.

గుడాల గిన్నె తిరుగుతూ మా దగ్గరకు వచ్చింది. అక్క పిడికెడు తీసుకుని, నా చేతిలో కొన్ని పోసి, తిను అంది. అక్క తింది. నేను నావి ఓణీ చెంగున ముడేసుకున్నాను.