బాగుపడినట్టు నేను రాసిచ్చిన సాక్ష్యం

మా ఆదోనిలో పత్తి కొనేవాళ్ళకన్నా సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువ. ఇంట్లో చావు జరిగిందంటే మనిషికో గంపెడు తెచ్చి గడప ముందర కుమ్మరించి పోతారు. మా కూతురు పోయిన నెలలో మా ఇంటికి చేరిన సలహాలను గోనెబోరాల్లో కుక్కి మార్కెట్ యార్డుకు తోలి ఉంటే, ఆ ఏడాది రైతులు పత్తి దించుకోవడానికి చోటు లేక బండ్లు వెనక్కి తిప్పుకునేవాళ్ళు.

అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. స్నేహితురాలి పెళ్ళికని ఆలూరు పోయే షేరింగ్ ఆటో ఎక్కింది. దారిలో ఆటో బోల్తా పడింది. నేను దేన్నైనా పదింతలు చేసి చెప్పే మనిషినని ఊరంతా ఎరుగుదురు. ఈ ఒక్క సంగతిని మాత్రం జరిగినంతే చెబుతాను.

ఆ తర్వాత నా భార్య మాటలు మానేసింది. పొద్దున ఒక జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టుకుంటే మాపటికి ఆ ముక్క చేతిలోనే ఉండేది. ఇలాంటి బాధకు కౌన్సెలర్లని ఉంటారనీ, మన క్రైస్తవుల్లోనే వాక్యం తెలిసినవాళ్ళు ఉన్నారనీ మందిరంలో ఎవరో చెప్పారు. వెదకడం మొదలుపెట్టాను. బడిలో తెలుగు పంతులుగా పెళ్ళిసంబంధాలకూ ట్రాన్స్‌ఫర్లకూ మధ్యవర్తిగా నిలబడిన అనుభవం ఉంది కదా, ఇదెంత అనుకున్నాను.

మొదటాయన ఊళ్ళోనే ఉన్నాడు. గోడ మీద ఆయన సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నాయంటే, అవి పీకేస్తే గోడ పడిపోతుందేమోనని భయమేసింది. గంటసేపు ఆయనే మాట్లాడాడు. నా భార్య మాట్లాడింది రెండే రెండు మాటలు, ఒకటి తన పేరు, రెండోది వయసు. చివర్లో, ఇంట్లో దాచిపెట్టిన పాపం ఏదైనా ఉందా అని అడిగాడు. ఆమె లేచి చెప్పులేసుకుంది.

ఇంకొకాయన చాలా మంచివాడని, ఓపికగా వింటాడని విన్నాం. ఆయన ఉండేది ఆలూరులో. ఆ రోడ్డు మీదుగా వారం వారం పోవాలి. ఇంక ఆ మాట ఎత్తలేదు.

చివరికి మా అయ్యగారే పూనుకున్నాడు. మా సంఘ కాపరి నిజంగా మంచి మనిషి. ప్రతి మంగళవారం ఇంటికొచ్చి ప్రార్థన చేసేవాడు. స్త్రీల కూడికవాళ్ళు ఆమె కోసం ఉపవాసాలు పట్టారు. వాళ్ళు మానేసిన అన్నంతో ఆదోని కోట మీద ఇంకో కొండ లేచేది. ఇంతమంది ఇంత ప్రేమగా కడుపు మాడ్చుకుంటుంటే ఆమె ఒకరోజు మొహమాటానికి నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం ప్రార్థనవేళకు అన్ని వీధులూ తిరిగొచ్చింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుడు మేలు చేస్తే ఆదివారం అందరి ముందర నిలబడి సాక్ష్యం చెప్పాలి. అయ్యగారు ఆమెను అడిగాడు. నాకు మాట్లాడ రాదని ఆమె అంది. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు రాసియ్యి సారూ, ఆయమ్మ సదువుతాది" అన్నాడు.

సరేనన్నాను. అదే నేను చేసిన తప్పు. అంతకు ముందు రోజు ఆమె నాతో చెప్పింది ఒకటే ముక్క, రెండు గంటలు నిద్ర పట్టిందని. ఆ రెండు గంటలను పట్టుకుని నేను నాలుగు పేజీలు రాశాను. అందులో తెల్లవారుజామున వంటింట్లో వెలుగు దిగింది. గుండె మీది క్వింటాలు మూట జారిపోయింది. కన్నీళ్ళు తుడిచే చెయ్యి ఆమె చెంపకు తగిలింది. రాస్తూ నేనే ఏడ్చాను, అంత బాగా కుదిరింది. ఆమె ఒకసారి చదువుకుని, "ఇది నేనేనా" అంది. మెచ్చుకుంటోంది అనుకున్నాను.

ఆదివారం చదివింది. మందిరంలో ఏడవని మనిషి లేడు, తబలా వాయించేవాడితో సహా. ఆనాటి నుంచి ఆమె మా సంఘం చూపించుకునే గుర్తుగా మారింది. ఎక్కడ ఏ తల్లి కడుపుకోతతో ఉన్నా మా ఇంటికి పిల్చుకొచ్చేవాళ్ళు, ఈమె చేత ఓదార్పు చెప్పించడానికి. ఈమె కూర్చుని నా నాలుగు పేజీలూ అప్పజెప్పేది. పక్క గదిలో కూర్చున్న నాకు గర్వంగా ఉండేది. దేవుడు నన్ను క్షమించాలి.

కొడుకును పోగొట్టుకున్న ఒకామె దేవనకొండ నుంచి వచ్చింది. అన్నీ విని, ఈమె చేతులు కళ్ళకద్దుకుని, నాకు ఎప్పుడొస్తాదో ఆ వెలుగు అని అడిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పూట. ఆమె కూర్చున్న చాప చుట్టకుండానే నా భార్య నన్ను పిలిచింది.

"ఆయమ్మకు అబద్ధం సెప్పినా," అంది. "నాకు ఏ వెలుగూ రాలేదు. పిల్ల దగ్గరికి పోవల్లనిపిస్తాంది. మూన్నెల్లాయ అట్లనిపించబట్టి."

"నాకెందుకు సెప్పలేదు?"

"సాక్ష్యం సెప్పినాక ఇంగ ఎవరికి సెప్పల్ల? నువ్వు రాసినావు. నేను సదివినా. బాగుపడినదాన్నయితి గదా."

చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆ పూట ఆమె పక్క నుంచి లేవలేదు. బడికి సెలవు పెట్టాను.

మరుసటి రోజు మాకు తెలిసిన డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన కర్నూలులో మానసిక వైద్యుణ్ణి కలవమని చీటీ రాసిచ్చాడు. మందులు మింగుతాను గానీ, ఊరికే మందులతో కాదు అంది నా భార్య. అప్పటికి నాకు బుద్ధొచ్చి, మరి నీకు ఎట్లాంటి మనిషి కావాలి అని ఆమెనే అడిగాను. ఇన్నాళ్ళ వెదుకులాటలో ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

"దేవుడు తెలిసినోళ్ళే కావల్ల," అంది. "అయితే బాగయిందా, బాగయిందా అని అడగనోళ్ళు కావల్ల. మన మందిరమోళ్ళు వద్దు."

డాక్టరు దగ్గర పనిచేసే నర్సు ఎమ్మిగనూరులో ఒకామె గురించి చెప్పింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, కౌన్సెలింగు చదివి, రిటైరయి ఇంట్లోనే మనుషుల్ని చూస్తుందట. ఫోన్ చేశాను. ఈసారి గోడ మీది సర్టిఫికెట్లు లెక్కపెట్టలేదు. మందులు మానేయమంటారా, చెప్పింది ఎవరికైనా చెబుతారా అని అడిగాను.

"మందులు మాన్పించను సార్," అందామె. "ఎవురికీ సెప్పను, మీక్కూడా. ప్రాణం మీదికి వస్తాదనుకుంటే మాత్రం మీకు సెప్తా. ఆ మాట ఆయమ్మకు ముందే సెప్పి పెడతా. ఈ పొద్దే పిల్చుకరాండి."

ఎమ్మిగనూరులో మగ్గాల సందులో ఇల్లు. నేను ఊహించుకున్నంత గొప్ప మనిషేమీ కాదు. చిన్నగా, ఎండిన వేరుశనగకాయలా ఉంది. మా ఇద్దరికీ నీళ్ళిచ్చి, నన్ను దాటేసి నా భార్యను చూసింది.

"ప్రార్థన ముందు సేద్దామా, అయినాక సేద్దామా, ఈ పొద్దుకు వద్దా?"

"ఈ పొద్దుకు వద్దు," అంది నా భార్య.

క్రైస్తవ ఇంట్లో అలాంటి మాట వినబడటం నా జన్మలో మొదటిసారి. పైకప్పు వైపు చూశాను. పిడుగు పడలేదు. "సరే తల్లీ" అంది ఆమె. అప్పుడు నేను గొంతు సవరించుకుని జరిగిందంతా మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యెత్తింది.

"మీరు బయట కూసోండి సార్. ఆయమ్మకు నోరుంది."

అరుగు మీద కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే అయ్యగారి దగ్గరికి పోయి, ఆ సాక్ష్యం నా కల్పన అని చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. "రెండో పేజీలోనే తెలిసె సారూ," అన్నాడు. "సంఘానికి ఒక మేలు కావల్సి ఉండె. నేనూ ఊరికుంటి." మంగళవారాలు ఇంకా వస్తాడు. ఇప్పుడు ఊరికే కూర్చుని, టీ తాగి పోతాడు. సంఘంలో కొందరు మాతో మాట్లాడటం లేదు. దేవనకొండ ఆమెకు మాత్రం ఇంకా నిజం చెప్పలేదు. ఆ పని నాదే. రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను.

ఏడాదిన్నరగా గురువారాలు ఎమ్మిగనూరు పోతున్నాం. కర్నూలు డాక్టరు రాసిన మందులు వాడుతోంది. కొన్ని గురువారాలు మంచం దిగనంటుంది. అప్పుడు ఎమ్మిగనూరు ఆమే ఫోన్ చేసి పలకరిస్తుంది. ప్రార్థన చేద్దామని నా భార్య తానుగా అడిగిందో లేదో నాకు తెలియదు, అడగను.

మొన్న తిరుగు బస్సులో మాత్రం ఉండబట్టలేక ఒకటి అడిగాను. ఇంకా పోవల్లనిపిస్తాందా అని. ఎక్కడికని ఆమె అడగలేదు. కిటికీ బయట పీకేసిన పత్తిచేలు చూస్తూ కూర్చుంది.

"కొన్ని దినాలు అనిపిస్తాది," అంది. "ఈ పొద్దు కాదు."

ఆదోని వచ్చేదాకా ఆమె సంచి నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.