నాసిక్‌ల నేను ఉడకబెట్టిన పసుపు

మొన్న నాసిక్ పోయి వచ్చిన. ఎట్లున్నదని అందరు అడుగుతుండ్రు. ఊరు మంచిదే, నేనే మంచిగ ఉండలే. చాయ్ తాగుకుంట వినుండ్రి గని, ఈ ముచ్చట మన మార్కెట్ యార్డు గేటు దాటొద్దు.

మీకు ఎరికే కదా, పసుపు కొమ్ము ఇరిచి వాసన చూస్తె అది జక్రాన్‌పల్లిదో అంకాపూర్‌దో చెప్తనని ఆర్మూర్ల నాకు పేరు. ఇన్నేండ్లల్ల నేను సంపాదించింది ఏమన్న ఉంటె ఆ పేరొక్కటే. మీ వదినకు మాత్రం ఆ పేరంటె తలనొప్పి. ఏ పెండ్లికి పోయినా పసుపు ముచ్చటే పెడ్తనట. అందుకే మా తవ్వుడు, ఉడకబెట్టుడు అయిపోంగనే మా బిడ్డతోటి ఫోన్ల నాసిక్ టూరు బుక్ చేయించింది. ద్రాక్షతోటలు చూసుడు, వైన్ రుచి చూసుడు, ఒక చిన్న ఇంట్ల రెండు రాత్రులు ఉండుడు. బస్సెక్కే ముందు ఒక్కటే మాట అన్నది.

"రెండు రోజులు చేను ముచ్చట తియ్యొద్దు. తీసినవంటె నేను ఒక్కదాన్నే తిరుగుత."

ఆ ఇల్లు ఒక పెద్దామెది. తాయీ అని పిలువుమన్నది. మూడు రూములు, పొద్దుగాల టిఫిన్ ఆమెనే చేసి పెడ్తది. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటరట. మాకు హిందీ వస్తది కాబట్టి మాటలకు తక్లీఫ్ కాలేదు.

మొదటి రోజు నాలుగు చోట్ల వైన్ రుచి చూపిచ్చిండ్రు. గ్లాసుల రెండు గుక్కలు పోస్తరు. తిప్పుమంటరు, వాసన చూడుమంటరు, నోట్ల పుక్కిలించి బకెట్ల ఉమ్మెయ్యుమంటరు. మీ వదిన అన్నీ వాళ్లు చెప్పినట్టే చేసింది. నేను ఉమ్మలే. తోటకాడ ఇచ్చింది ఉమ్మేస్తె ఆ రైతు ఏమనుకుంటడు? నాలుగు చోట్ల, చోటుకు ఐదు గ్లాసులు. తెల్లారి తల లేస్తలేదు. నన్ను పండుకోమని చెప్పి, తాయి మీ వదినను కార్ల ఎక్కించుకొని ఇంకో తోటకు పోయింది.

పదింటికి తల జర తేరుకుంది. పెరట్ల కుర్చీ ఏసుకొని కూసున్న. ఎదురుంగ చిన్న మడి. ఆకులన్నీ ఎండి నేల మీద పడి ఉన్నయి. చూడంగనే తెలిసింది, పసుపు. తవ్వే అదును దాటి నెలయితుంది. పాపం, ముసలామె ఒక్కతే, కూలోళ్లు దొరకలేదేమో అనుకున్న. మీ వదిన ముచ్చట తియ్యొద్దన్నది గని, పని చెయ్యొద్దని అనలేదు కదా.

గోడకు గడ్డపార ఆనిచ్చి ఉన్నది. తవ్విన. కొమ్ము ఇరిచిన. లోపల తెల్లగున్నది, వాసన లేదు. ఇంకొకడైతె అక్కడ ఆగుతుండె. నేను మాత్రం, ఎవడో తాయిని విత్తనం కాడ మోసం చేసిండని బాధపడ్డ. అయినా పంట పంటే. స్నానాలకు నీళ్లు కాగబెట్టే పెద్ద గంజు అక్కడనే ఉంటె, కట్టెల పొయ్యి మీద పెట్టి గంజు నిండ ఉడకబెట్టిన. చీపురుపుల్ల గుచ్చి చూసిన, సక్కగ దిగింది. ఆరబోసేటందుకు టార్పాలిన్ దొరకలేదు. మా మంచం మీది తెల్ల దుప్పటి తెచ్చి పరిచిన.

రెండింటికి వాళ్లిద్దరు వచ్చిండ్రు. మెచ్చుకుంటరని నేను దుప్పటి పక్కన చేతులు కట్టుకొని నిలవడ్డ.

తాయి దుప్పటి కాడికి వంగింది. ఒకటి తీసి నొక్కి చూసింది. మెత్తగున్నది.

"ఇవి పూల దుంపలు," అన్నది. "మా చెల్లె కేరళ నుంచి తెచ్చిచ్చింది. నాలుగేండ్లు పెంచిన. మొదటి వానకు గులాబిరంగు పూలు పూస్తుండె."

"మళ్ల పెడితె మొలవయా?" అని మీ వదిన అడిగింది.

"ఉడికినయి కదమ్మా," అన్నది తాయి.

నాకు నిజంగనే ఏడుపొచ్చింది. గంజు నిండిందని ఒక మూల సగం తవ్వి వదిలిన, అక్కడ ఐదు దుంపలు బతికినయి. వాటి మీద తాయి తనే మట్టి కప్పుకుంది. నన్ను ముట్టనియ్యలే.

జరసేపటికి నా ముఖం చూసి ఆమెకే జాలేసింది. "పోనీలే. పట్నంల బతికేటోళ్లకు మట్టి గురించి ఏం ఎరుక," అన్నది. "ఇంతకు నువ్వేం పని చేస్తవు బేటా?"

నేను నోరు తెరిచిన. ఆర్మూర్ పసుపు రైతునని చెప్తె, నాదే కాదు, మనందరి ఇజ్జత్ పోతది. నాకంటె ముందే మీ వదిన అందుకుంది.

"సెల్‌ఫోన్ల దుకాణం, తాయీ. మట్టి ముట్టి ఎరుగడు."

తాయి లోపలికి పోయి తన ఫోన్ తెచ్చి నా చేతుల పెట్టింది. వారం నుంచి మోగుతలేదట. అటు తిప్పిన, ఇటు తిప్పిన. ఏం తెల్వక బంద్ చేసి మళ్ల చాలు చేసిన. మీ వదిన తన ఫోన్‌తోటి చేసి చూస్తె మోగింది.

తాయి నా భుజం తట్టింది. "మంచి పనిమంతుడివి. ఈ పనే చేసుకో బేటా, వేరేది పెట్టుకోకు," అన్నది.

సరే తాయీ అన్న. పక్కన మీ వదిన కూడ తల ఊపింది.