చిన్నమ్మను అంటుకున్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు లోపల ఉండాలో, ఎవరు బయట ఉండాలో చెప్పేది మా నానమ్మే. పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదంటారు. నేను మాట్లాడతాను. ఆవిడ మా చిన్నమ్మను పెట్టిన గోస కళ్లారా చూసినదాన్ని, నేను కాకపోతే ఎవరు చెప్పాలి?

మాది సూర్యాపేట పక్కన చివ్వెంల. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య, పుట్టిల్లు కోదాడ. పెళ్లయిన ఏడాదికే ఆమెకు నిద్ర కరువైంది. ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందని చెవులు మూసుకుని మూలన కూర్చునేది. మా అమ్మ పట్టుబట్టి, చిన్నాయనను వెంటబెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్లి, మనసు జబ్బులు చూసే డాక్టరుకు చూపించింది. ఆయన ఇచ్చిన గోలీలతో చిన్నమ్మ మళ్లీ మనిషయింది. నాకు జడలు వేసేది, మా అమ్మతో కలిసి నాట్లకు పోయేది.

కానీ ఆమె నెలనెలా బయట కూర్చోవడం ఆగిపోయింది. మా నానమ్మ లెక్క ఒక్కటే, బయట కూర్చోలేదంటే కడుపుతో ఉన్నట్టే. అప్పటిదాకా కోడలి ముఖం సరిగ్గా చూడని మనిషి చింతకాయలు ఏరి తెచ్చింది, వాడకట్టంతా చాటింది. చిన్నమ్మ రవిక పాలతో తడిసేసరికి ఆవిడకు ఇక పట్టపగ్గాల్లేవు. తీరా సూర్యాపేటలో లేడీ డాక్టరు చూసి కడుపు లేదని తేల్చింది.

అంతే, నానమ్మ ప్లేటు ఫిరాయించింది. "ముట్టుగాని ఆడది యాడనన్న ఉంటదా? దాస్తున్నది ముండ! దాసుకొని వంటింట్లకు వస్తున్నది. ఇగ ఇంట్ల దేవుడు ఉంటడా?" అని వీధికి వినబడేలా అరిచింది. ఏ రోజు ముట్టో తెలియదు కాబట్టి అన్ని రోజులూ బయటే పడి ఉండమని పశువుల కొట్టంలోకి నెట్టింది. చాప, చెంబు అక్కడికే విసిరేసింది. మా చిన్నాయన తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పోయాడు. సిగ్గులేని మొగుడు! పైగా ఆయనకు నిడమనూరులో ఇంకో పిల్లను చూస్తున్నారని కూడా విన్నాం.

గోలీలు మొదలుపెట్టాకే ఇదంతా జరిగిందని చిన్నమ్మ గ్రహించింది. ఒకరోజు అమ్మ ఆమెకు అన్నం తీసుకుపోతుంటే నేనూ వెంట వెళ్లాను. ఆ గోలీలను పేడదిబ్బలో పారేస్తానని చిన్నమ్మ మొండికేసింది. "నాకు పిల్లలు కావాలక్కా. పిచ్చిదాన్నయినా ఫరవాలేదు, గొడ్రాలని మాత్రం అనిపించుకోలేను" అని ఏడ్చింది.

అమ్మకు ఒళ్లు మండింది. "ఆపితే మల్ల ఆ గొంతులు వినవడ్తయి చెల్లె. అప్పుడు పుట్టిన బిడ్డను ఎవలు సాకాలె? ఇచ్చిన డాక్టరునే అడుగుదం, జర ఆగు" అంది. అడగాలంటే చిన్నాయన కదలాలి. ఆయన్ని కదలనివ్వనిది నానమ్మ. అమ్మ కంచం కింద పెట్టి, చిన్నమ్మను గట్టిగా కౌగిలించుకుంది. ఆ తర్వాత ఇంటివైపు తిరిగి, "అత్తా! నేను గూడ అంటువడ్డ. ఇగ వంట నువ్వే సూస్కో" అని కేకేసింది.

ముట్టుదాన్ని తాకితే తలస్నానం చేసేదాకా వంటింట్లో అడుగు పెట్టకూడదు. అది నానమ్మ పెట్టిన చట్టమే. అమ్మ బుద్ధిగా తలస్నానం చేసేది, తడి జుట్టుతోనే వచ్చి మళ్లీ చిన్నమ్మను పట్టుకు కూర్చునేది. నన్నూ పిలిచింది. నేను ఎగిరి వెళ్లి చిన్నమ్మ ఒళ్లో పడ్డాను. నానమ్మ మోకాళ్ల నొప్పులతో పొయ్యి ముందు కూర్చుని మా చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెట్టింది. ఒక పూట అన్నం మాడింది, ఇంకో పూట ఉడకలేదు. పొలం నుంచి వచ్చిన మా బాపు కంచం నెట్టేసి, "తమ్మీ, నీ పెండ్లాన్ని దవాఖానకు తోల్కపోతవా, మమ్మల్ని ఆకలితోని సంపుతవా?" అని గద్దించాడు. పెళ్లాం ఏడిస్తే కదలని మనిషి తిండి లేకపోయేసరికి బస్సెక్కాడు. థూ!

అమ్మ కూడా వాళ్ల వెంట వెళ్లింది. అంతా ఆ గోలీ వల్లేనట. కొందరికి అది బిడ్డ లేకుండానే పాలు పడేలా చేస్తుందట, ముట్టును ఆపుతుందట, కడుపు రావడం కష్టం చేస్తుందట. చిన్నమ్మ గొడ్రాలు కాదు, దొంగా కాదు. ఇన్నాళ్లూ తనకెందుకు చెప్పలేదని డాక్టరు అందరినీ తిట్టి, ఆ గోలీని మెల్లగా తగ్గిస్తూ వేరేది ఇచ్చాడు. సొంతంగా ఆపొద్దన్నాడు. ముట్టు రాకపోయినా ఒక్కోసారి కడుపు రావచ్చు కాబట్టి, బిడ్డను కనాలనుకుంటే ముందే తనకు చెప్పమన్నాడు. కొన్ని నెలలకు చిన్నమ్మకు మళ్లీ ముట్టయింది. నిడమనూరు సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు. నానమ్మ మాత్రం ఒక్కసారి కూడా తప్పయిందనలేదు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా, "తర్వాత పిల్లలు పుట్టారా?" అనే అడుగుతారు. పుట్టింది, ఆడపిల్ల. అయితే ఏంటి? పుట్టకపోతే ఆమెను కొట్టంలోనే ఉంచాలా? ఆమెకు నిద్ర పట్టిందా, ఆ గొంతులు మళ్లీ వినిపించాయా అని అడిగినవాళ్లు ఇంతవరకు నాకు ఒక్కరూ కనబడలేదు. మా బంధువుల్లో ఏ పిల్లయినా మందుల వల్ల ముట్టు ఆగిందని నా దగ్గరకొస్తే, మందు ఆపకుండా డాక్టరు దగ్గరికి పొమ్మంటాను. అంతకంటే ముందు నేను అడిగేది ఒక్కటే. "నిద్ర పడుతోందా బిడ్డా?"