మిరియాల గోంగూర

పాతికేళ్ల వయసుంది చూశారూ, అప్పుడు మనకు తెలిసిన సంగతి పక్కవాళ్లకు చెప్పకపోతే తిన్నది అరగదు. నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకు హిస్టరీ చెప్పే రోజులవి. క్లాసులో చెప్పింది చాలక ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకీ చెప్పేదాన్ని. ఈ నోటి ధాటికి అప్పటికే వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి వెళ్లాయి. అందుకే వినుకొండ నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారనగానే మా అమ్మ, "అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పవే తల్లీ, నీకు దణ్ణం పెడతా" అంది. సరేనన్నాను. పైగా ఆ అబ్బాయి ఫొటో నాకు తెగ నచ్చింది (ఆ సంగతి అమ్మకు చెప్పలేదు). ఈ ఒక్కటీ చెడిపోకుండా చూడు దేవుడా అని మొక్కుకున్నాను కూడా.

వచ్చారు. అబ్బాయి తలెత్తితే ఒట్టు. మాటలన్నీ వాళ్ల నాన్నగారివే. మిరప రైతు, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మీసం. ఆయనకు ప్రాణమైన సినిమా ఒకటుంది, పూర్వకాలపు యుద్ధాల కథ. పంటల మాట రాగానే జంతికల ప్లేటు పక్కన పెట్టి, హీరోలా తొడగొట్టి అందులో డైలాగు అందుకున్నారు. "వెయ్యేళ్లుగా మిరపకారం తిన్న నెత్తురురా ఇది! మా జాతి జోలికొస్తే మాడి మసైపోతావ్!" అందరం చప్పట్లు కొట్టాం. "ఎట్టా ఉందమ్మాయ్?" అన్నారు నా వంక తిరిగి. అడిగారు కదా, చెప్పాను. "బాగుందండి. కానీ వెయ్యేళ్ల కిందట మన దగ్గర మిరపకాయే లేదండి. తర్వాతెప్పుడో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది. అప్పటివాళ్లకు కారమంటే మిరియాలే."

అమ్మ కళ్లు మూసుకుంది. గుంటూరులో కూర్చుని, మిరప రైతు ముఖాన అనాల్సిన మాటేనా అది! ఆయన మీసం అదిరింది. "మిరపకాయ మనది కాదా? అది లేకుండా మా తాతలు పచ్చడి ఎట్టా తిన్నారమ్మా? ఏదీ, మిరియాలేసి గోంగూర నూరుకురా, చూద్దాం!" అన్నారు. నేనూ తగ్గలేదు. పట్టుచీర కొంగు దోపి వంటింట్లోకి వెళ్లి, గోంగూర మగ్గబెట్టి, గుప్పెడు మిరియాలు పోసి మిక్సీ తిప్పాను. అది పచ్చడిలా లేదు, పొలంలో బురదలా ఉంది. ఉత్తి పచ్చడి పెట్టలేక అన్నంలోకే వడ్డించాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పొలమారింది. అయినా వదల్లేదు, కంచం ఖాళీ చేసి కళ్లు తుడుచుకుని, "ఇది తిని కత్తి పట్టారంటే, అమ్మాయ్, మా తాతలు నేననుకున్నదానికన్నా మొనగాళ్లే!" అన్నారు.

అందరూ నవ్వారు. ఆయన మాత్రం చెయ్యి కడుక్కుని, "ఇక వెళ్లొస్తామండి, ఆలోచించుకుని కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు ఎప్పటికీ రాదని నాకు బాగా తెలుసు. ఆయన కంచం తీయడానికి వంగాను. అప్పుడు మొదటిసారి అబ్బాయి తలెత్తాడు.

"నాన్నా, నువ్వు అన్నం తినేశావు."

సంబంధం ఖాయం కాకుండా పిల్ల ఇంట్లో అన్నం ముట్టరు మా వైపు. ముట్టారంటే మాట ఇచ్చేసినట్టే. పెద్దాయన ఖాళీ కంచం వంక చూశారు, కొడుకు వంక చూశారు.

"ఏరా, తినకముందే చెప్పొచ్చుగా?"

"చెబితే తినవుగా నాన్నా."

ఇప్పుడు నేను ఏ మాటైనా పదిసార్లు ఆలోచించి అంటున్నాను, అత్తారింట్లో మంచిదాన్ననే పేరూ వచ్చింది. కానీ పెళ్లి పోతే పోనీ, ముందు మిరపకాయ సంగతి తేలాలనుకున్న ఆ పట్టుచీర పిల్లంటే మాత్రం నాకు ఇప్పటికీ ముద్దే.