తారు అంచున నడిచిన చక్రం

ఈ మాట ఇన్నేళ్లూ నాతోపాటే లారీ ఎక్కింది. ఎంత సరుకు దించినా ఇది మాత్రం దిగలేదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు గనుకనే మీకు చెప్పగలుగుతున్నాను.

నందిగామలో దానియేలు అనే మెకానిక్కు ఉన్నాడు. వాళ్లన్న లారీ నడుపుతూ కునుకు పట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంతోనే దానియేలు ఒక పరికరం తయారుచేశాడు. మా రోడ్డుకి మధ్యలో సన్నగా తారు, అటూ ఇటూ మట్టి. తారు అంచు మట్టి కంటే నాలుగు వేళ్ల ఎత్తున ఉంటుంది. ఆ అంచుని ఒరుసుకుంటూ నడిచే చిన్న చక్రాన్ని లారీ ముందు బిగించి, ఇనుప కడ్డీతో స్టీరింగుకి కలిపాడు. లారీ పక్కకి జరిగితే ఆ కడ్డీయే స్టీరింగుని తిప్పి దారిలో పెడుతుంది. డ్రైవరు నిద్రపోయినా బండి రోడ్డు మీదే ఉంటుంది.

పరీక్షకి మా షావుకారు ఒప్పుకున్నాడు. లారీ ఆయనది, డ్రైవర్ని నేను. ఇది కుదిరితే ఇక నీకు జీతమెందుకురా అంటూ నవ్వుతూ ఎక్కాడు. వేళాకోళమే. కానీ నాకు తెలిసిన పని ఇదొక్కటే, ఇంట్లో పిల్లలున్నారు. 

ఊరు దాటాక తిన్నటి రోడ్డు. దానియేలు ఎడమ ఫుట్‌బోర్డు మీద నిలబడి, వంగి చక్రాన్నే చూస్తున్నాడు. షావుకారు కళ్లు రోడ్డు మీద. నేను రెండు చేతులూ పైకెత్తాను. లారీ తనంతట తాను నడిచింది. కాస్త పక్కకి పోయి, మళ్లీ తనే సర్దుకుంది. నా ఒళ్లు జలదరించింది. సంతోషంతోనా, భయంతోనా? రెండూనేమో. అప్పుడు మోకాలితో కింద నుంచి స్టీరింగుని నెట్టాను. లారీ కుడివైపు తుమ్మకంపలోకి పోయి ఆగింది.

"అన్నా, చెయ్యేమన్నా తగిలిందా?" అన్నాడు దానియేలు, దిగి వచ్చి.

"లేదబ్బాయ్. చేతులు పైనే ఉన్నాయిగా, అయ్యగారు కూడా చూశారు."

"అయితే తప్పు నాదేలే అన్నా. కడ్డీ కురచైనట్టుంది."

చేతులు తగల్లేదన్నది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లు బతికాను. జనం దానియేల్ని ఆటపట్టించారు. అతను కోప్పడలేదు. కడ్డీలు మారుస్తూ, స్ప్రింగులు మారుస్తూ, లేని తప్పుని ఇప్పటికీ వెతుకుతున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం తీరాక కూడా నేనెందుకు నోరు విప్పలేదు? సిగ్గు. అంతే, మరేం లేదు.

పోయిన నెల జగ్గయ్యపేట నుంచి మిరపకాయల లోడుతో వస్తుంటే నాకే కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా కల్వర్టు గోడ. ఎలా తప్పించానో తెలియదు. బండి ఆపి మట్టిలో కూలబడితే, చనిపోయిన దానియేలు వాళ్లన్న గుర్తొచ్చాడు. తర్వాత, ఈ రోడ్డు మీద నిద్రమత్తులో లారీలు తోలే మావాళ్లందరూ. వాళ్లకి దక్కాల్సిన ఆసరాని నేనే నెట్టేశాను.

రేపు దానియేలు షెడ్డుకి వెళ్తున్నాను. అతను తిట్టొచ్చు. షావుకారు పనిలోంచి తీసేయొచ్చు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా మీకు చెప్పేసరికే గుండె కాస్త తేలికపడింది. దానియేలుకి వయసుంది, చేతిలో పనుంది, పట్టుదల ఇంకా చావలేదు. అతనికి తెలియాల్సింది ఒక్కటే.

"నీ చక్రం బానే నడిచింది దానియేలూ. బండిని కంపలోకి తోసింది నేను."