మొదటి స్థానానికొచ్చిన యాసిడ్ పేజీ

కరోనా తగ్గిన మరుసటేడు, రిటైర్మెంటుకు రెండేండ్ల ముందు, నన్ను ల్యాబ్ నుంచి తీసి కంపెనీ వెబ్‌సైట్ పనిల వేసిన్రు. పటాన్‌చెరు దగ్గర మాది యాసిడ్లు, వాటికి విరుగుడు పొడులు చేసే ఫ్యాక్టరీ. హోదా సీనియర్ కెమిస్టే. పని మాత్రం ఇంటర్నెట్‌ల ఎవరన్న వెతికితే మా పేజీ అందరికన్న పైన కనవడేటట్టు చూసుడు.

సెర్చ్ ఇంజన్ ఏ పేజీని ఎందుకు పైకి తెస్తదో పూర్తిగ ఎవరికీ చెప్పదు. ల్యాబ్ మనిషిని, పరీక్ష పెట్టకుంటే నాకు నిద్ర పట్టదు. పద్ధతి ఏందంటే, పేజీల ఒక్కటే మార్చాలె, రెండు వారాలు ఆగాలె, ఎన్నో స్థానంల ఉన్నదో రిజిస్టర్ల రాయాలె. పెద్ద శీర్షిక మార్చి చూసిన. చిన్న శీర్షికలు తీసేసి చూసిన, అవి మళ్ల పెట్టలే.

‘యాసిడ్ పడితే ఏం చెయ్యాలె’ అని మాకొక తెలుగు పేజీ ఉండె. ఒంటి మీద పడితే ఇరవై నిమిషాలు ధారగ నీళ్లు పొయ్యాలని పైన, నేల మీద పడితే మా పొడి చల్లాలని కింద. పైనున్న మాటలకే విలువ ఎక్కువేమోనని పొడి ముచ్చట పైకి తెచ్చి, నీళ్ల ముచ్చట అట్టడుక్కు జరిపిన. కావల్సినోళ్లు కిందికి పోయి చదువుకుంటరు గద అనుకున్న. మూడో వారం పేజీ మొదటి స్థానానికొచ్చింది. సంబురపడి ఆఫీసుల అందరికి చాయ్ తాపిన.

నాలుగు రోజులకు హత్నూర దిక్కు ఒక చిన్న యూనిట్ నుంచి యాదయ్య అనే సూపర్‌వైజర్ ఫోన్ చేసిండు. మా పేజీ ప్రింట్ తీసి షెడ్డు గోడకు అంటించిన్రట, పక్కన్నే పొడి డబ్బా పెట్టిన్రట. ఇంకో రెండు డబ్బాలు కావాలన్నడు. ఎన్ని కాగితాలు అంటించిన్రని అడిగిన.

“ఒక్కటే సార్. రెండో దాంట్ల రెండు లైన్లే ఉండె, పారేసినం.”

నీళ్ల ముచ్చట ఉన్నది ఆ రెండు లైన్లలనే. చిన్న శీర్షికలు నేనే తీసేసిన గనుక, పొడి నేల కోసమే అని మొదటి కాగితం చూస్తె తెల్వది. కాలిన తోలు మీద పొడి చల్లితే యాసిడ్‌తోని కలిసి వేడి పుడ్తది, గాయం ఇంకా లోపలికి దిగుతది. కాగితం చింపెయ్యమన్న, ఎవరి మీదన్న పడ్డదా అని అడిగిన. తను రెండు రోజులు సెలవుల ఉండి గప్పుడే వచ్చిండట, కనుక్కుంట అన్నడు. పేజీ ఎమ్మటే సరిచేసిన గని, సెర్చ్‌ల ఇంకా పాత మాటలే కనవడుతున్నయి. అవి మారాలంటే రోజులు పడ్తయి.

బండి తీసుకుని బయల్దేరిన. ఇస్నాపూర్ చౌరస్తాల లారీల నడుమ ఇరుక్కున్న. ఎవని కన్నన్న పోయి ఉంటే ఆ పాపం నాదే, ఇంకెవనిదీ కాదు.

షెడ్డుల సత్తెయ్య అనే పనోడు మోచేతి దాక కట్టుతోని కూసున్నడు. నిన్ననే పంపు పైపు ఊడి యాసిడ్ చిమ్మిందట. అక్కడ ఊడ్చే బాలమ్మ చెప్పింది:

“గోడ మీద రాసిండ్రని పొడి దిక్కే ఉరికిండు సార్. నేనే రెక్క వట్టి నీళ్ల నల్ల కాడికి గుంజిన. నాకు సదువు రాదు. మంట వెడ్తే నీళ్లే గద పోస్తరు.”

డాక్టరు చెయ్యికేం గాదన్నడట. తప్పు నాదని యాదయ్యతోని కలిపి ముగ్గురికీ చెప్పిన.

అటెన్క పద్ధతి మార్చుకున్న. పరీక్షలకు ఎవరికీ నష్టం లేని పేజీలు వేరే పెట్టుకోవాలె, పానం మీదికొచ్చే పేజీ జోలికి పోవద్దు. ఏది మార్చినా ముందుగాల ప్రింట్ తీసి, మొదటి కాగితం ఒక్కటే చదవాలె. ఆ రోజులల్ల మా పేజీ ఎంతమంది తెరిచిన్రో కంప్యూటర్ చెప్పింది. ఎంతమంది గోడకు అంటించిన్రో తెలుసుకునే దారి లేదు. ఇప్పటికీ ఏ ఫ్యాక్టరీల అడుగువెట్టినా నేను ముందు గోడలే చూస్త.